ఇంట్లో ఆవిరి మిషన్: నీళ్ళ దగ్గర్నుంచి థర్మల్ ఫ్యూజు దాకా

ఆవిరి మిషన్ పనిచేయడం లేదని పక్కన పడేసే ముందు ఒక సంగతి తేల్చుకోవాలి: అందులో నీళ్ళను మరిగించేది ఏమిటి? పైకి ఒకేలా కనిపించే ఈ ప్లాస్టిక్ డబ్బాలు లోపల రెండు రకాలు. ఒకదానిలో గిన్నె అడుగున హీటర్ ప్లేటు ఉంటుంది. పొయ్యి మీద గిన్నె కాగినట్టే నీళ్ళు కాగుతాయి. రెండోదానిలో అసలు హీటరే ఉండదు. రెండు ఎలక్ట్రోడ్లు, అంటే లోహపు రేకులో కార్బన్ కడ్డీలో, నీళ్ళలో మునిగి ఉంటాయి. కరెంటు ఒకదాన్నుంచి రెండోదానికి నీళ్ళలోంచే పోతుంది, అలా పోతూనే నీళ్ళను మరిగిస్తుంది. ఏ నీళ్ళు పోయాలి, ఎలా కడగాలి, పాడైతే ఎక్కడ వెతకాలి అన్నవన్నీ ఈ తేడా మీదే ఉన్నాయి. ఒక రకానికి మేలు చేసే సలహా రెండోదాన్ని పాడు చేస్తుంది.

గుర్తుపట్టడం సులువే. ప్లగ్ తీసేసి మూత ఎత్తండి. మూతకు తీగ తగిలించి, దాని కింద గొట్టం లాంటి ప్లాస్టిక్ తొడుగు వేలాడుతూ, ఆ తొడుగులో రెండు నల్లటి కడ్డీలో రేకులో కనిపిస్తే అది ఎలక్ట్రోడ్ రకం. తీగ కింది డబ్బాలోకి వెళ్ళి, నీళ్ళు పోసే చోట లోహపు గిన్నె గానీ నున్నటి ప్లేటు గానీ ఉంటే అది హీటర్ రకం. వాడకం కాగితంలో ఉప్పు వేయమని రాసి ఉంటే అది కచ్చితంగా ఎలక్ట్రోడ్ రకమే.

ఎలక్ట్రోడ్ రకంతో ఒక ప్రమాదం ఉంది. దాన్ని మనసులో గట్టిగా పెట్టుకోండి. ప్లగ్ పెట్టి స్విచ్ వేసి ఉన్నంతసేపూ అందులోని నీళ్ళలో కరెంటు ఉంటుంది. ఆ నీళ్ళలో వేలు పెట్టడమూ తెగిన తీగను పట్టుకోవడమూ ఒకటే. మూత తీయాలన్నా, నీళ్ళు కలపాలన్నా, చిటికెడు ఉప్పు వేయాలన్నా ముందు ప్లగ్ సాకెట్లోంచి బయటికి రావాలి. స్విచ్ ఆపితే చాలదు. వైరింగ్‌లో ఫేజ్ (కరెంటు తెచ్చే తీగ), న్యూట్రల్ (తిరిగి పోయే తీగ) తారుమారై ఉంటే స్విచ్ ఆపినా నీళ్ళలో ఫేజ్ ఉండిపోవచ్చు. దీనికి బదులుగా ఈ రకానికి ఒక మంచి గుణం ఉంది. నీళ్ళు కడ్డీల కిందికి దిగగానే కరెంటు దారి తెగిపోయి మిషన్ దానంతటదే ఆగిపోతుంది. అడుగంటి మాడే ప్రసక్తే లేదు. హీటర్ రకంలో ఆ పని థర్మోస్టాట్, అంటే వేడి మితిమీరితే కరెంటు ఆపేసే స్విచ్, చేయాలి. అది చేయకపోతే ఏమవుతుందో కింద వస్తుంది.

నీళ్ళు

ఎక్కువ మంది తికమక పడేది ఇక్కడే.

ఎలక్ట్రోడ్ మిషన్‌లో ఆర్వో నీళ్ళో డిస్టిల్డ్ వాటరో పోస్తే అరగంట గడిచినా ఆవిరి రాదు. మిషన్‌లో లోపమేమీ లేదు. నీళ్ళలో కరిగిన లవణాలే కరెంటును మోసేవి. అవి లేకపోతే కరెంటు పారదు, కరెంటు పారకపోతే వేడి పుట్టదు. మామూలు కుళాయి నీళ్ళతో మొదలుపెట్టండి. పది నిమిషాలు గడిచినా ఆవిరి అంతంతమాత్రంగానే వస్తుంటే ప్లగ్ తీసి, లీటరు నీళ్ళకు చిటికెడు ఉప్పు, అంటే పావు నుంచి అర గ్రాము లోపు, వేసి బాగా కలపండి. నూరు మిల్లీలీటర్లు పట్టే చిన్న కప్పు మిషన్లకు ఈ లెక్కన చిటికెడు కూడా చాలా ఎక్కువ. వాటికోసం లీటరు సీసాలో చిటికెడు ఉప్పు కరిగించి పెట్టుకుని, ఆ నీళ్ళే పోస్తూ ఉంటే కొలత తప్పదు. లోహపు రేకులున్న మిషన్లకు ఉప్పు కన్నా వంట సోడా మేలు. అది కూడా కరెంటును మోస్తుంది, కానీ ఉప్పులా రేకులను తినేయదు.

ఉప్పు ఎక్కువైతే అసలు గొడవ మొదలవుతుంది. కరెంటు విపరీతంగా లాగుతుంది, నీళ్ళు నిమిషంలోపే భగభగా మరిగి ఆవిరితో పాటు వేడి చుక్కలు ఎగజిమ్ముతాయి, తీగ వెచ్చబడుతుంది, ఎంసీబీ (కరెంటు మితిమీరితే లైన్ తెంచే స్విచ్) పడిపోతుంది. పైగా నీళ్ళు వేడెక్కే కొద్దీ వాటిలో కరెంటు ఇంకా తేలిగ్గా పారుతుంది. డిగ్రీకి దాదాపు 2 శాతం చొప్పున పెరుగుతుందని లెక్క. చల్లటి నీళ్ళతో స్విచ్ వేసిన మొదటి రెండు నిమిషాల్లో ఆవిరి రాలేదని ఇంకో చిటికెడు వేశారంటే, నీళ్ళు కాగాక అది రెట్టింపు దెబ్బ కొడుతుంది. ఓపిక పట్టి, పది నిమిషాలు చూశాకే ఏదైనా కలపండి. ఎక్కువైపోతే ప్లగ్ తీసి, చల్లారాక సగం నీళ్ళు పారబోసి మామూలు నీళ్ళతో నింపండి.

నిన్న చక్కగా పనిచేసిన మిషన్ ఈరోజు నీళ్ళు ఉమ్మడానికి కారణం కూడా ఇదే. ఆవిరిగా పోయేది నీళ్ళు మాత్రమే. ఉప్పంతా అడుగునే ఉండిపోతుంది. మిగిలిన నీళ్ళ మీద మళ్ళీ కొత్త నీళ్ళు పోసుకుంటూ పోతే రోజురోజుకూ ఉప్పదనం పెరుగుతుంది. ప్రతిసారీ పూర్తిగా పారబోసి, తొలిపి, కొత్త నీళ్ళు పోయాలి.

హీటర్ ప్లేటు రకానికి ఇదంతా తలకిందులు. దానికి ఉప్పుతో పనే లేదు. లవణాలు ఎంత తక్కువుంటే ప్లేటుకు అంత మంచిది. నీళ్ళలో కరిగి ఉన్న కాల్షియం బైకార్బనేటు, మరిగినప్పుడు కాల్షియం కార్బనేటుగా మారి ప్లేటు మీద తెల్లగా, గరుకుగా పేరుకుంటుంది. గార అంటే అదే. ఆర్వో నీళ్ళు గానీ డిస్టిల్డ్ వాటర్ గానీ వాడితే గార దాదాపు పట్టదు.

ఆవిరి పట్టేటప్పుడు

మిషన్‌ను కదలని బల్ల మీద, అంచుకు దూరంగా పెట్టండి. తీగ బల్ల మీంచి వేలాడకూడదు. కాలికో చేతికో తగిలి మిషన్ మీద పడేది అలాగే. మంచం మీద, ఒళ్ళో పెట్టుకుని పట్టకండి. పరుపు కుంగితే మరుగుతున్న నీళ్ళు తొడ మీద పడతాయి. నీళ్ళు గీత దాటి పోయకూడదు. పైన ఖాళీ లేకపోతే మరిగే బుడగలు నేరుగా మూతి దాకా ఎక్కి చుక్కలుగా చిమ్ముతాయి.

ఎంత నీళ్ళు పోయాలో లెక్క వేసుకోవచ్చు. 300 వాట్ల మిషన్‌లో 25 డిగ్రీల దగ్గరున్న నూరు మిల్లీలీటర్ల నీళ్ళు మరగడానికి నిమిషం ముప్పావు పడుతుంది. ఆ తర్వాత ఒక్కో గ్రాము నీరు ఆవిరి కావడానికి దాదాపు 2,257 జౌళ్ళు కావాలి కాబట్టి, వేడి అంతా నీళ్ళకే అందినా నిమిషానికి 8 మిల్లీలీటర్లకు మించి ఆవిరి రాదు. పక్కలకు పోయే వేడి తీసేస్తే ఇంకా తక్కువే. పది నిమిషాలు పట్టాలంటే నూరు మిల్లీలీటర్లు సరిపోతాయి. మిషన్ మీద రాసిన వాట్లు వేరైతే అదే నిష్పత్తిలో వేసుకోండి. ఇంతకన్నా చాలా తక్కువ ఆవిరి వస్తోందంటే గారనో ఎలక్ట్రోడ్లనో అనుమానించాలి.

ఆవిరి నిలకడగా వచ్చాకే ముఖం దగ్గరికి తీసుకెళ్ళండి. ముందు మణికట్టు లోపలి వైపు పెట్టి చూడండి. అక్కడ చురుక్కుమంటే ముఖానికి అది ఎక్కువే. 30 సెంటీమీటర్ల దూరంలో మొదలుపెట్టి, హాయిగా ఉన్నంతవరకే దగ్గరికి జరగండి. కళ్ళు మూసుకోండి. 5 నుంచి 10 నిమిషాలు చాలు. తల మీద తువ్వాలు కప్పుకునే వాళ్ళు ఓ పక్క తెరిచి ఉంచుకోవాలి, లేకపోతే లోపల వేడి పెరిగిపోయి మూతి చుట్టూ చర్మం కమిలిపోతుంది.

ఆవిరి ముక్కుదిబ్బడను, గొంతు గరగరను కాసేపు తేలిక చేస్తుంది, గట్టిపడిన చీమిడిని కాస్త వదులు చేస్తుంది. అంతకు మించి వైరస్‌లను చంపదు. ఆస్తమా ఉన్నవాళ్ళలో వేడి ఆవిరి కొందరికి దగ్గును, ఆయాసాన్ని పెంచుతుంది. అలా అనిపిస్తే వెంటనే ఆపేయాలి. చిన్న పిల్లలకు ముఖం దగ్గర పెట్టి ఆవిరి పట్టించకండి. పిల్లల చర్మం పెద్దవాళ్ళ చర్మం కన్నా పల్చన. అదే వేడికి గాయం లోతుగా అవుతుంది. గది గాలికి తేమ పట్టించడానికే మిషన్ పెట్టేటట్టయితే, పిల్లల చేతికి అందని ఎత్తులో, మంచానికి దూరంగా, ఆవిరి గోడకో కర్టెన్‌కో తగలకుండా పెట్టండి. గదిలో తేమ 30 నుంచి 50 శాతం మధ్య ఉంటే చాలు. 60 దాటితే గోడల మీద బూజు పడుతుంది. కిటికీ అద్దం మీద నీళ్ళు కారుతున్నాయంటే మిషన్ ఆపే సమయం అయిందని అర్థం.

నీళ్ళలో ఏమేం కలపవచ్చని అందరూ అడుగుతారు. ఎలక్ట్రోడ్ రకంలో పైన చెప్పిన ఉప్పు, సోడా తప్ప ఏదీ వద్దు. హీటర్ రకంలో ఉత్త నీళ్ళే. నూనె ఏదైనా ప్లాస్టిక్‌ను పెళుసు చేసి పగుళ్ళు తెస్తుంది, ప్లేటు మీద మాడి జిగురులా అంటుకుంటుంది, దాని మీద గార ఇంకా గట్టిగా పడుతుంది. బామ్ కూడా అంతే. ఆవిరి వచ్చే మూతి దగ్గర చిన్న గుంట లాంటి మందు కప్పు ఉన్న మిషన్లుంటాయి. వాసన మందు వాడాలంటే ఆ గుంటలో రెండు చుక్కలు వేయాలి, నీళ్ళ తొట్టిలో కాదు. కర్పూరం విషయంలో మాత్రం జాగ్రత్త: చిన్న పిల్లలు ఉన్న గదిలో వాడొద్దు, వాళ్ళ చేతికి అందేలా ఉంచొద్దు. అది కడుపులోకి వెళితే పిల్లలకు ఫిట్స్ వస్తాయి. డాక్టరు నెబ్యులైజర్ కోసం రాసిన మందులను ఇందులో పోయడం పూర్తిగా తప్పు. నెబ్యులైజర్ మందును కాచకుండా సన్నటి తుంపరగా చేస్తుంది. ఇక్కడ నీళ్ళు ఆవిరైపోతాయి, మందు అడుగునే మిగిలిపోతుంది.

పని అయ్యాక ప్లగ్ తీసి, కనీసం అరగంట చల్లారనిచ్చి నీళ్ళు పారబోయండి. వేడి మిషన్‌ను ఎత్తి నీళ్ళు వంచబోయే క్షణంలోనే చేతులు కాలుతుంటాయి. గుడ్డతో తుడిచి, మూత తెరిచి ఆరనివ్వండి. నీళ్ళు నిలవ ఉంచి మూత పెట్టేస్తే రెండు మూడు రోజుల్లోనే గోడలకు జిగట పట్టుకుంటుంది.

గార

ప్లేటు మీద గార పట్టడం చూడటానికి చిన్న విషయంలా ఉంటుంది, కానీ హీటర్ రకం మిషన్లు చచ్చిపోవడానికి పెద్ద కారణం అదే. గార వేడిని సరిగా పోనివ్వదు. కింద హీటర్ అదే వేడి పుట్టిస్తూ ఉంటుంది, పైన నీళ్ళకు అది అందదు. ప్లేటు అవసరానికి మించి వేడెక్కుతుంది. థర్మోస్టాట్ నీళ్ళు అయిపోయాయని భ్రమపడి మధ్యమధ్యలో ఆపేస్తుంది. ఆవిరి రెండు నిమిషాలు వచ్చి, ఆగి, మళ్ళీ వస్తుంటే అదే జరుగుతోంది. ఇలా కొన్ని నెలలు నడిస్తే ఒకరోజు థర్మల్ ఫ్యూజు, అంటే వేడి హద్దు దాటితే ఒక్కసారే తెగిపోయే రక్షణ ముక్క, తెగుతుంది. మిషన్ మూగబోతుంది.

తెల్లటి పొర వేలికి గరుకుగా తగిలినప్పుడే తీసేయండి. పావు లీటరు గోరువెచ్చటి నీళ్ళలో చెంచాడు నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్), దాదాపు 5 గ్రాములు, కలిపి గార మునిగేదాకా పోయండి. లేదా తెల్ల వెనిగర్, నీళ్ళు సగం సగం. చిన్న బుడగలు లేస్తాయి. కార్బనేటు కరిగి కార్బన్ డయాక్సైడు వదులుతున్న గుర్తు అది. బుడగలు ఆగిపోయాక, అంటే ఇరవై ముప్పై నిమిషాలకు, పారబోసి చూడండి. పొర ఇంకా ఉంటే పాత ద్రావణాన్నే నానబెట్టకుండా కొత్తది కలిపి పోయండి, పాతదానిలో ఆమ్లం ఖర్చైపోయి ఉంటుంది. అల్యూమినియం ప్లేటైతే రాత్రంతా వదిలేయవద్దు. ఆమ్లం లోహాన్ని కూడా తిని గుంటలు చేస్తుంది. ఆ గుంటల్లో గార మళ్ళీ త్వరగా పట్టుకుంటుంది. స్టీలు పీచు, కత్తి మొన, ఇసుక లాంటివి తాకించవద్దు. నాన్‌స్టిక్ పూత ఒకసారి లేచిపోతే ఆ చోట గార ఇక గట్టిగా అతుక్కుంటుంది. చివరికి రెండు మూడుసార్లు మంచి నీళ్ళతో తొలిపి, కిటికీ తెరిచి, ఒకసారి ఉత్త నీళ్ళతో ఐదు నిమిషాలు నడిపి ఆ ఆవిరిని పట్టకుండా వదిలేయండి.

ఎలక్ట్రోడ్లకు పట్టిన గార ఇంకో రకంగా పనిచేస్తుంది. అది కడ్డీకీ నీటికీ మధ్య గోడలా నిలబడుతుంది, కరెంటు తగ్గిపోతుంది, ఆవిరి సన్నగిల్లుతుంది. చాలామంది అప్పుడు ఉప్పు పెంచుతారు. గార అడ్డం ఉన్నంతవరకు ఉప్పు పెంచి లాభం లేదు, ఏ రోజైనా ఓ పెళ్ళ ఊడిందంటే ఉప్పు నీటిలో కరెంటు ఒక్కసారిగా ఎగబాకుతుంది. ముందు కడగండి. మూతను తలకిందులు చేయకుండా, కడ్డీల భాగం మాత్రమే మునిగేలా గ్లాసులో వెనిగర్ పోసి నిలబెట్టండి. తీగ వచ్చే తల భాగం తడవకూడదు. గంట రెండు గంటల తర్వాత పాత టూత్‌బ్రష్‌తో రుద్దితే పెచ్చులుగా రాలిపోతుంది. మొండిగా ఉంటే రాత్రంతా ఉంచవచ్చు. కడ్డీల చుట్టూ ఉండే ప్లాస్టిక్ తొడుగుకు కింద నీళ్ళు వెళ్ళే చిన్న రంధ్రాలు ఉంటాయి. అవి పూడుకుపోతే లోపలికి నీళ్ళు అందవు, ఆవిరి వచ్చి వచ్చి ఆగిపోతుంది. అగ్గిపుల్లతో పొడిచి తెరవండి. రోజూ వాడేవాళ్ళు వారానికోసారి ఈ పని పెట్టుకోవాలి.

తొట్టి జిగటకు బ్లీచ్ వాడవచ్చు: నాలుగు లీటర్ల నీళ్ళకు చెంచాడు, ఇరవై నిమిషాలు ఉంచి, వాసన పోయేదాకా కడగాలి. వెనిగర్‌తో గార తీసిన రోజునే, మధ్యలో బాగా కడగకుండా బ్లీచ్ పోయకండి. ఆ రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది, గొంతును, ఊపిరితిత్తులను కాల్చేస్తుంది.

పాడైనప్పుడు

విప్పడానికి ముందు బయట నుంచే చాలా తెలుస్తుంది. సాకెట్‌లో వేరే ఏదైనా పెట్టి కరెంటు ఉందో లేదో చూడండి. తర్వాత మిషన్ మీది చిన్న దీపం. చాలా మిషన్లలో అది స్విచ్ తర్వాత, హీటర్‌కు ముందు ఉంటుంది. దీపం వెలుగుతూ వేడి రాకపోతే తీగ, స్విచ్ బాగానే ఉన్నాయి, తెగింది ఆ తర్వాత ఎక్కడో. దీపం కూడా వెలగకపోతే తీగతో మొదలుపెట్టండి. తీగ మధ్యలో తెగడం అరుదు. ప్లగ్ దగ్గర గానీ మిషన్‌లోకి దూరే చోట గానీ పదే పదే వంగి లోపలి రాగి పోగులు తెగుతాయి. పైన ప్లాస్టిక్ బాగానే కనిపిస్తుంది, ఆ చోట వేళ్ళతో నొక్కితే మెత్తగా, ఎముక లేనట్టు ఉంటుంది.

ఆర్‌సీసీబీ (కరెంటు దారి తప్పి బయటికి లీకైతే లైన్ తెంచే స్విచ్) పడిపోతుంటే లీకేజీ ఉన్నట్టు. ఎంసీబీ పడిపోతుంటే షార్టో, ఎలక్ట్రోడ్ రకమైతే ఉప్పు ఎక్కువో. నీళ్ళు ఒలికి అడుగు డబ్బాలోకి దిగాక ఆర్‌సీసీబీ పడితే కంగారు పడకండి. తలకిందులుగా గాలి తగిలే చోట రెండు రోజులు ఆరబెట్టి మళ్ళీ చూడండి. ఆరాక కూడా పడితే హీటర్ ఇన్సులేషన్ పోయినట్టే. మాడు వాసన వస్తే మళ్ళీ స్విచ్ వేసి చూడటం వద్దు, విప్పాల్సిందే.

ఎలక్ట్రోడ్ రకంలో రిపేరు అంటూ చేయగలిగింది తక్కువ. గార తీయడం, ప్లగ్ మార్చడం. మూత లోపలి అతుకులు చాలావాటిలో అతికించేసి ఉంటాయి. పగలగొట్టి మళ్ళీ జిగురు పెడితే తేమ లోపలికి పోయి పైకి కరెంటు రావచ్చు. కడ్డీలు సన్నబడి సగమైపోతే ఆ తలనే మార్చాలి, దొరకకపోతే మిషన్‌నే మార్చాలి.

విప్పి చూడటం

ఇక మిగిలిందంతా హీటర్ రకం గురించే. మల్టీమీటర్, స్టార్ స్క్రూడ్రైవర్, లగ్గులు (తీగ కొసకు తొడిగే లోహపు ముక్కలు) నొక్కి బిగించే క్రింపింగ్ ప్లయర్ కావాలి. ప్లగ్ తీసేసి, పూర్తిగా చల్లారాక, విప్పకముందే ప్లగ్ రెండు పిన్నుల మధ్య మిషన్ స్విచ్ ఆన్ చేసి ఓమ్స్ కొలవండి. ఎంత రావాలో వోల్టేజీ వర్గాన్ని వాట్లతో భాగిస్తే తెలుస్తుంది. 230 వోల్టుల మీద 300 వాట్ల మిషన్‌కు 52,900ను 300తో భాగిస్తే 176 ఓమ్స్. పది ఇరవై ఓమ్స్ అటూ ఇటూ ఉంటే హీటర్ బాగున్నట్టే. మీటర్ ఏమీ చూపకపోతే దారి ఎక్కడో తెగింది. అల్యూమినియం దిమ్మలో బిగించిన పీటీసీ హీటర్లకు మాత్రం ఈ లెక్క వర్తించదు. వాటి రెసిస్టెన్సు వేడిని బట్టి మారుతుంది కాబట్టి చల్లగా ఉన్నప్పుడు అంకె తేడాగా వచ్చినంత మాత్రాన పాడైందనుకోకూడదు.

తర్వాత ఒక పిన్ను, లోహపు ప్లేటు మధ్య మీటర్‌ను పెద్ద రేంజిలో పెట్టి చూడండి. ఏమీ చూపకూడదు. కొన్ని కిలోఓమ్స్ చూపినా మిషన్‌ను సాకెట్‌లో పెట్టవద్దు. మూడు పిన్నుల ప్లగ్ అయితే ఎర్త్ పిన్నుకూ ప్లేటుకూ మధ్య ఒక ఓమ్ కన్నా తక్కువ రావాలి. ప్లేటుతో చేసే ఈ కొలతలను చాలామంది మరిచిపోతారు, ప్రాణం కాపాడేవి మాత్రం అవే.

అడుగు స్క్రూలు విప్పండి. రబ్బరు కాళ్ళ కింద ఒకటి రెండు దాక్కుని ఉంటాయి. మూత తీయగానే ఫోటో తీసుకోండి, తీగలు ఏది ఎక్కడికి వెళ్ళిందో తర్వాత గుర్తుండదు. ప్లేటు అడుగున చిన్న నాణెం అంత గుండ్రటి డబ్బీ, రెండు చెవులతో, స్క్రూలతో బిగించి ఉంటుంది. అదే థర్మోస్టాట్. దాని నెత్తి మీద ఎన్ని డిగ్రీలకు తెగుతుందో, ఎన్ని ఆంపియర్లు మోస్తుందో అచ్చువేసి ఉంటుంది. తెల్లటి గొట్టం లాంటి ఫైబర్‌గ్లాస్ తొడుగు ఒకటి తీగ మధ్యలో లావుగా తగులుతుంది. దాన్ని జరిపితే లోపల బియ్యపు గింజ కన్నా కాస్త పెద్దదిగా లోహపు ముక్క కనిపిస్తుంది. థర్మల్ ఫ్యూజు అది.

ఒక్కొక్కదాన్నీ విడిగా, ఒక చివర తీగ ఊడదీసి కొలవండి. చల్లగా ఉన్న థర్మోస్టాట్ దాదాపు సున్నా ఓమ్స్ చూపాలి. స్విచ్ ఆన్‌లో సున్నా, ఆఫ్‌లో ఏమీ రాకూడదు. ఫ్యూజు సున్నా చూపాలి, లేదంటే తెగింది. తీగ ఒక్కో పోగును ఒక కొస నుంచి ఇంకో కొసకు చూస్తూ, చూస్తున్నంతసేపూ తీగను వంచండి. వంచినప్పుడు అంకె ఎగిరితే అక్కడే తెగింది. లగ్గు నల్లబడి, పక్కన ప్లాస్టిక్ కమిలి ఉంటే లూజ్ కాంటాక్ట్ వల్ల కాలింది. తీగను సెంటీమీటరు కోసేసి, రాగి మెరిసే దాకా వెనక్కి వెళ్ళి, కొత్త లగ్గు క్రింప్ చేయండి. ప్లేటు దగ్గర వాడే తీగ సిలికాన్ గానీ ఫైబర్‌గ్లాస్ గానీ అయి ఉండాలి. మామూలు పీవీసీ తీగ ఆ వేడికి కరుగుతుంది.

థర్మల్ ఫ్యూజు తెగితే దాని స్థానంలో తీగ ముక్క వేసి కలిపేయడం కొందరికి అలవాటు. దయచేసి అలా చేయకండి. థర్మోస్టాట్ తెరుచుకోకుండా అతుక్కుపోయి నీళ్ళు లేకుండా ప్లేటు కాలుతున్నప్పుడు, దానికీ మంటకూ మధ్య ఉన్నది ఆ ఫ్యూజు ఒక్కటే. మీద అచ్చువేసిన డిగ్రీలు, ఆంపియర్లు, వోల్టులు మూడూ సరిపోయేది కొనండి. ఎక్కువ డిగ్రీలది వేస్తే ఫ్యూజు ఉన్నా లేనట్టే, తక్కువది వేస్తే రెండో రోజే తెగుతుంది. దాన్ని సోల్డరింగ్ చేయకూడదు, ఆ వేడికే కొత్త ఫ్యూజు తెగిపోతుంది. రెండు చివర్లనూ క్రింప్ చేయండి. కాళ్ళను వంచాల్సి వస్తే ఒంటికి ఆనుకుని కాక కొన్ని మిల్లీమీటర్ల దూరంలో, ప్లయర్‌తో ఒంటి వైపు పట్టుకుని వంచండి. తొడుగు మళ్ళీ ఎక్కించి, ముందు ఎక్కడ ప్లేటుకు ఆని ఉందో సరిగ్గా అక్కడే పెట్టాలి. దూరంగా వేలాడితే వేడి దానికి తెలియదు.

ఫ్యూజు ఊరికే తెగదు. కొత్తది వేసే ముందు కారణం వెతకండి. పైన గార ఉందా? థర్మోస్టాట్ ప్లేటుకు వదులుగా ఉందా? అది అతుక్కుపోయిందో లేదో తెలుసుకోవడానికి, ఊడదీసి, మీటర్ తగిలించి, హెయిర్ డ్రయ్యర్‌తో గానీ సోల్డరింగ్ ఐరన్ ఆనించి గానీ దాని లోహపు ముఖాన్ని వేడి చేయండి. అచ్చువేసిన వేడి దాటగానే టిక్కుమని తెరుచుకోవాలి, చల్లారాక మళ్ళీ మూసుకోవాలి. డ్రయ్యర్ వేడి చాలకపోతే ఐరన్‌తోనే చూడండి. టిక్కు వినిపించకపోతే మార్చేయండి. థర్మోస్టాట్, ఫ్యూజు రెంటినీ ఒకేసారి మార్చడం తెలివైన పని.

బిగించాక

తీగ మిషన్‌లోకి దూరే చోట బిగింపు క్లిప్పు మరవకుండా పెట్టండి. తీగ లాగితే లోపలి లగ్గుల మీద బరువు పడకూడదు. ఎర్త్ తీగను ఎక్కడ నుంచి తీశారో అక్కడే, పల్లున్న వాషర్‌తో బిగించండి. మళ్ళీ మూడు కొలతలూ తీయండి: పిన్నుల మధ్య ఓమ్స్, పిన్నుకూ ప్లేటుకూ మధ్య ఏమీ లేకపోవడం, ఎర్త్‌కూ ప్లేటుకూ మధ్య ఒక ఓమ్ లోపు. మల్టీమీటర్ కొన్ని వోల్టులతోనే కొలుస్తుంది కాబట్టి బలహీనపడిన ఇన్సులేషన్ దానికి దొరక్కపోవచ్చు. మెగ్గర్ (ఎక్కువ వోల్టేజీతో ఇన్సులేషన్ కొలిచే మీటర్) అందుబాటులో ఉంటే 500 వోల్టుల దగ్గర చూడండి, రెండు మెగాఓమ్స్ పైన ఉండాలి. మొదటిసారి నీళ్ళు పోసి, 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉన్న లైన్‌లో పెట్టి, ముట్టుకోకుండా పది నిమిషాలు చూడండి. ఆపి, ప్లగ్ తీశాక పిన్నులను తాకండి. అవి వేడిగా ఉంటే సాకెట్ గానీ ప్లగ్ గానీ వదులుగా ఉంది.

నీళ్ళు పోసే కప్పు పగిలి చుక్కలు అడుగుకు దిగుతుంటే, ప్లేటు ఇన్సులేషన్ పోయి ఉంటే, హీటర్ కాయిల్ తెగి ఉంటే దాని మీద డబ్బు, సమయం పెట్టకండి. అలాంటి మిషన్‌ను పారేసే ముందు ప్లగ్ తీసేసి, తీగను డబ్బా దగ్గరికంటా కోసేయండి. ఎవరైనా ఏరుకుని బాగుందనుకుని సాకెట్‌లో పెట్టే వీలు ఉండకూడదు.